మొదటి గ్లాసు

సాయంత్రం ఐదుంపావు అయింది. ఆరింటికి ఫిల్టర్‌హౌస్‌లో పెద్ద గేటు తిప్పుతారు, ఇన్నాళ్లూ వస్తున్న పాత చెరువు నీళ్లకు బదులు కొత్త జలాశయం నీళ్లు మొట్టమొదటిసారి ఊరి గొట్టాల్లోకి వస్తాయి. అంటే ఇంకా ముప్పావుగంట ఉంది. ముప్పావుగంటలో తువ్వాళ్లు మడతపెట్టుకోవచ్చు, తల దువ్వుకోవచ్చు, ఫోను తీసి ఒక్క మాట చెప్పొచ్చు అనుకుంటూ ఆమె వంటింట్లో ఎత్తుపీట మీద కూర్చుని కాళ్లు ఊపుతోందే గాని ఒక్క పనికీ లేవడం లేదు. కాళ్లకు నిన్న కొన్న చెప్పులు. ఇంటికొచ్చి అరగంటైనా విప్పబుద్ధి కాలేదు. ఊపినప్పుడల్లా బకిల్ టిక్కుమంటుంది, ఆ టిక్కు వినడం కోసమే మళ్లీ ఊపుతుంది. పెళ్లయి మూడు వారాలే అయిన మనిషికి అన్నీ ఇలాగే ఉంటాయి కాబోలు, ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని మీద ఒకటి తల వాల్చుకుని ఉన్నా నవ్వొస్తుంది, తలుపు వెనక అతని చొక్కా మీద తన చొక్కా తగిలించి ఉన్నా నవ్వొస్తుంది, అద్దెకు దిగిన ఈ రెండు గదుల ఇల్లు గొట్టం దారిలో ఊరికల్లా మొదటిదని తెలిసిన రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఊళ్లో అందరికంటే ముందు నీళ్లు మనకే వస్తాయి, మొదటి గ్లాసు మనదే, అని ఆమే అంది. ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే ఆ మర్నాటి నుంచి సరిగ్గా ఆరింటికి, గొట్టంలో గురగురమని గాలి తన్నుకొచ్చి నీళ్లు పడగానే, ఒక గ్లాసు పట్టి గటగటా తాగేస్తాడు, తాగి పెదాలు తుడుచుకుని ఊరికి నీళ్లు మంజూరయ్యాయి అని చాటింపు వేస్తాడు. ఇవాళా తాగుతాడు. టిక్కు. ఆ టిక్కు వెనకాలే ఇంకొకటి వచ్చి నిలబడుతోంది, సున్నా, పొద్దున రబ్బరుతో చెరిపి తన చేత్తో తాను వేసిన సున్నా.

ఆమె ఉద్యోగం సంగతి చెబితే అత్తవారింట్లో అందరూ నవ్వారు. నీళ్లను వాసన చూడటానికి కూడా జీతమిస్తారా, ఇందుకా వదినా నువ్వు కెమిస్ట్రీ చదివింది, అని ఆడపడుచు కడుపు పట్టుకుంది. ఇందుకే. మిషన్లున్నాయి, అవి నీళ్లలో ఏముందో చెప్పడానికి మూడు రోజులు తీసుకుంటాయి, ముక్కు మూడు క్షణాల్లో చెబుతుంది. కాస్త వెచ్చచేసిన నీళ్లు గాజు కుప్పెలో పోసి మూతపెట్టి ఇస్తారు, మూత తీసి ఒక్కసారి పీల్చి, కార్డు మీద పెన్సిల్‌తో సున్నా నుంచి అయిదు దాకా ఒక అంకె వేయాలి. సున్నా అంటే ఏమీ లేదు. వాసన చూసే నలుగురిలో ఏ ఒక్కరు రెండు వేసినా ఆ రోజు గేటు తెరవరు, ఎందుకని కూడా అడగరు, అది నియమం. వాసన గదిలోకి సెంటు పూసుకుని రాకూడదు, గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, చెప్పులు బయటే విడవాలి, కుర్చీలు నాలుగూ నాలుగు గోడల వైపు తిరిగి ఉండాలి, ఒకరి మొహం ఒకరికి కనబడకూడదు. ఇవన్నీ గోడకు తగిలించిన అట్ట మీద పెద్దక్షరాలతో రాసే ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన రోజు ఆమె ఆ అట్టంతా చదివి, వెనక్కి తిరిగి చూస్తే నాలుగు కుర్చీలూ బల్ల చుట్టూ ఉన్నాయి, ఎదురెదురుగా, కబుర్లకు వీలుగా. ఎవరు తిప్పారో, ఎన్నాళ్ల కింద తిప్పారో, అడుగుదామని నోరు తెరిచింది కూడా. ఈలోగా రికార్డులు రాసే అక్క, నిలబడ్డావేం తల్లీ కూర్చో, అంది. కూర్చుంది. అంతే. అడగడానికి ఒకే ఒక్క రోజుంటుంది, మొదటి రోజు, ఆ రోజు దాటాక అదే కుర్చీలో కూర్చున్నవాళ్లకు కుర్చీ ఎటు తిరిగి ఉందో కనబడదు.

ఇవాళ పొద్దున కుప్పె మొదట ఆమె చేతికే వచ్చింది, ఎప్పుడూ అంతే, చిన్నదాని ముక్కు చురుకు అని మొదట ఆమెకే ఇస్తారు. మూత తీసి పీల్చింది. తియ్యగా, సన్నగా, అట్టపెట్టె తెరిచి పల్చటి కాగితం తొలగించినప్పుడు వచ్చే వాసన, కొత్త చెప్పుల జిగురు వాసన. అంతే, గదీ లేదు, కుప్పే లేదు, నిన్న సాయంత్రం చెప్పుల షాపులో ఉంది తను. అతను నేల మీద మోకాలు ఆనించి కూర్చుని తన మడమ పట్టుకుని బకిల్ పెట్టడం రాక తంటాలు పడుతున్నాడు, షాపతను జాలిగా చూస్తున్నాడు, బెంచీ మీద ఎవరో ముసలావిడ, కొత్త జంటా, ఇప్పుడు కాళ్లు పట్టుకుంటాడు, తర్వాత నువ్వు పట్టుకున్నా దొరకడు, అని వాళ్లాయన్ని మోచేత్తో పొడిచింది. ఆ పొడవడం గుర్తొచ్చి వాసన గదిలో ఆమె నవ్వుకుంది. చెయ్యి మాత్రం చెయ్యి పని చేసింది, నేర్పినట్టుగా కార్డు మీద రెండు వేసింది. చెయ్యి రెండు వేసింది, మొహం నవ్వింది. కుప్పె అక్క దగ్గరికి, అక్క నుంచి చాక్‌పీసు అని అందరూ పిలిచే సన్నటి తెల్లటి కెమిస్టు దగ్గరికి, చివరికి ముక్కు మేష్టారి దగ్గరికి వెళ్లింది. ముప్పై ఏళ్లుగా ఈ ఊరి నీళ్లను పీల్చిన ముక్కు ఆయనది. ఆయన పీల్చాడు, కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, సున్నా వేశాడు. అక్క సున్నా. చాక్‌పీసు సున్నా. ఆమె అరచేతి కింద రెండు ఒక్కసారిగా వేడెక్కింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు అని ఉంటుందో, ఆ అన్నిసార్లూ కలిసి ఒక్కసారే చెవిలో పడ్డట్టయింది. మూడు వారాల పెళ్లికూతురికి ఎక్కడ చూసినా చెప్పుల షాపే కనబడుతుంది, నా ముక్కు నా దగ్గర ఉంటే కదా, అనుకుంది. రబ్బరు తీసుకుంది. పెన్సిల్ రాత చెరిపితే కాగితం మీద కాస్త నున్నగా అవుతుంది, ఆ నున్నటి చోటే సున్నా వేసింది. మూడింటికి నాలుగు కార్డులూ కలిపి సంతకాలు చేశారు. అక్క సంతకం చేస్తూ, ఏంటమ్మాయ్ ఇవాళ అంత వెలిగిపోతున్నావు, మాకూ కాస్త చెప్పకూడదూ, అంది. చాక్‌పీసు కూడా నవ్వాడు, అతను నవ్వగా ఆమె ఎన్నడూ చూడలేదు.

ఐదూ ఇరవై. లేచి తువ్వాళ్లు తీసుకుంది. ఒక మడత, రెండో మడత, మూడో మడత, బొత్తి పెట్టి అంచు లోపలికి తోసింది, తోశాక చెయ్యి ఆగింది. పుట్టింట్లో నాలుగు మడతలు. అంచు లోపలికి తొయ్యడం అత్తయ్య అలవాటు. ఇలా మడవమని అత్తయ్య ఒక్కసారి కూడా చెప్పలేదు, చెప్పి ఉంటే పౌరుషానికైనా నాలుగే వేసేది. చెప్పకపోవడం వల్లే వచ్చేసింది. మధ్య పాపిడి ఆడపడుచుది, నీకిది బాగుంటుంది వదినా అని ఒక్క మాట అంది, అద్దంలో ఇప్పుడు పక్క పాపిడి ఊహించుకుంటే ఎవరో పరాయి మనిషిలా ఉంది. పసుపుపచ్చ కర్టెన్లు ఎదురింటి కిటికీవి, షాపులో నూరు రంగులు తిరగేసి, ఎంతో ఆలోచించి, మనిద్దరికీ ఇదే నచ్చింది చూశావా అని మురిసిపోయి కొన్నాక, ఇంటికొచ్చి తగిలించాక, ఎదురుగా చూస్తే అవే కర్టెన్లు. ఆ రోజు నవ్వుకున్నారు. ఇప్పుడు ఎందుకో నవ్వు రావడం లేదు. సరేలే అనే మాట అతనిది, అందులోని ఆ చివరి సాగదీత కూడా అతనిదే. తను కూనిరాగం తీస్తే అతనూ తీస్తున్నాడు, పాపం అతనికి రాగమే లేదు, తనది తీసుకున్నాడు. ఏ సినిమాకి వెళ్దాం అంటే నీ ఇష్టమే నా ఇష్టం అంటాడు, అలా అని తన కళ్లలోకి చూస్తాడు, ఆ కళ్లలో ఏది కనబడితే అది తన ఇష్టమే అన్నంత హుషారుగా చెప్పేస్తాడు. ఎంత ముచ్చటగా ఉండేది అది. మరి తను తన ఇష్టం కోసం ఎవరి కళ్లలోకి చూస్తోంది? తన నవ్వు ఒక్కటైనా సొంతమేమో అనుకుంటే, కొత్తపెళ్లికూతురు నవ్వుతూ ఉండాలమ్మా అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ గడ్డం పట్టుకుని చెప్పి వెళ్లారు, చెప్పగా చెప్పగా పెదవులు వాటంతట అవే విచ్చుకోవడం నేర్చుకున్నాయి. ఎవరు కనబడినా విచ్చుకుంటాయి. అందుకే కదా అతనితో ఆ ఆట మొదలైంది. సాయంత్రం అతను తలుపు తీసుకుని మొహం గంటు పెట్టుకుని లోపలికొస్తాడు, ఆమె కూడా గంటు పెట్టుకోవాలి, ముందు నవ్వినవాళ్లు ఓడినట్టు. మూడు వారాల్లో ఆమె ఒక్కసారి కూడా గెలవలేదు.

అయినా ఆ వాసన చెప్పులదే అయి ఉంటుంది. కొత్త చెప్పులేసుకుని పనికి వెళ్తే చెప్పుల వాసన రాక ఇంకేం వస్తుంది, ఇంత చిన్న సంగతికి గుండెలు బాదుకోవడం దేనికి. ఆమె చెప్పుల పెట్టె తెచ్చి మూత తీసి లోపలికి ముక్కు పెట్టి పీల్చింది. అదే. అచ్చంగా అదే. హమ్మయ్య. ఎంత హాయిగా అనిపించిందంటే పీట మీద కూర్చుని మళ్లీ కాళ్లు ఊపింది. టిక్కు, టిక్కు. పొద్దున ఈ టిక్కు వినలేదు గదిలో. కుర్చీలో కూర్చుని కాలు ఊపలేదా? ఊపింది, ఆమె కాలు ఊరుకుంటే కదా, ఊపింది, కానీ టిక్కు లేదు, ఎందుకంటే నేల చల్లగా తగిలింది, కుడి పాదాన్ని ఎడమ పాదం మీద రుద్దుకుంది, వట్టి పాదం మీద వట్టి పాదం. చెప్పులు బయట విడిచి వెళ్లారు అందరూ. అట్ట మీద రాసినవాటిలో ఇంకా అందరూ పాటిస్తున్న నియమం అదొక్కటే. ఆమె చెప్పులు తలుపుకు అవతల, వరండా చివర, అరలో ఉన్నాయి. గదిలో జిగురు లేదు, పెట్టె లేదు, పల్చటి కాగితం లేదు. కుప్పెలో నీళ్లున్నాయి.

ఊపుతున్న కాలు గాల్లోనే ఆగిపోయింది. చేరిన కొత్తలో ముక్కు మేష్టారు చిన్న చిన్న సీసాలు వరసగా పెట్టి వాసనలు నేర్పించాడు, ఇది నాచు, ఇది తుప్పు, ఇది బురద, ఇది కుళ్లిన ఆకు. అయిదో సీసా ఖాళీ. ఇదేంటి సార్ అంటే, ఇది నీకు చూపించను, తియ్యటి జిగురు వాసన, వస్తే మాత్రం మారు మాట్లాడకుండా గేటు మూయించెయ్యాలి, అది నీళ్లది కాదు, చేపలదీ కాదు, ఎవరో మనిషి తెచ్చి పోసింది, అన్నాడు. మిషన్ దాన్ని ఎల్లుండి కనిపెడుతుంది, అప్పటికి ఊరు రెండు రోజులు తాగి ఉంటుంది. ఐదూ ముప్పై అయిదు. ఆమె ఫోను తీసుకుంది.

“ఎవరూ, కొత్తపెళ్లికూతురా? ఏంటమ్మా ఈ వేళప్పుడు?” ముక్కు మేష్టారి గొంతు వెనక పేపరు మడుస్తున్న చప్పుడు.

“సార్, పొద్దుటి నీళ్లలో మీకేమైనా తెలిసిందా?”

పేపరు చప్పుడు ఆగింది. “నీకు తెలిసిందా?”

“ముందు మీరు చెప్పండి సార్.”

“నాకేం తెలుస్తుందమ్మా.” ఆయన గొంతు తగ్గించాడు. “నా ముక్కు పోయి రెండేళ్లయింది. జలుబు చేసింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం మళ్లీ రాలేదు. ఇంకొక్క ఏడాది ఉంది రిటైర్ అవడానికి, ఎలా నెట్టుకురావాలా అనుకుంటుంటే దేవతలా నువ్వొచ్చావు. నీ మొహం కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తుంది తల్లీ. నాచైతే ఎడమ కనుబొమ్మ లేస్తుంది. తుప్పైతే పెదవి బిగుస్తుంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ తప్పు పోలేదు.”

“మరి ఇవాళ?”

“ఇవాళ నవ్వావు కదా! అంత హాయిగా నవ్వాక నీళ్లలో ఇంకేముంటుంది? సున్నా వేశాను.”

“అక్క? చాక్‌పీసు?”

“వాళ్లు నన్ను చూసి వేస్తారు. ముప్పై ఏళ్ల ముక్కు కదమ్మా నాది.”

ఆ మూడు సున్నాలూ తనవే. తన నవ్వులోంచి పుట్టి, బల్ల చుట్టూ తిరిగి, పెద్దరికం సంపాదించుకుని, మళ్లీ తన దగ్గరికే వచ్చి ఉలిపికట్టెలా ఉండకు అని తనని భయపెట్టాయి. తన నీడను చూసి తనే దారి తప్పుకుని నిలబడింది. గదిలో ముక్కు ఒక్కటే ఉంది, ఆ ఒక్కటీ రెండు అంది, దాన్ని రబ్బరుతో చెరిపేసింది. “సార్, జిగురు వాసన, మీ అయిదో సీసా. ఫిల్టర్‌హౌస్ ఇంజనీరుకి మీరొక్క మాట చెప్పండి సార్” అంది. “నువ్వే చెప్పమ్మా,” అన్నాడు చిన్నపిల్లాడిలా. “నువ్వు ముందు చెప్పు, నీ వెనక నేనుంటాను. నేను ముందు చెబితే నీకెలా తెలిసిందంటారు. ముప్పై ఏళ్ల పరువు తల్లీ. నువ్వు చెప్పు.”

ఐదూ నలభై ఆరు. ఫిల్టర్‌హౌస్ నంబరు మోగుతోంది, మోగుతోంది. కిటికీలోంచి చూస్తే వీధి మామూలుగా ఉంది, పక్కింటివాళ్లు బకెట్లు కడిగి బోర్లిస్తున్నారు, పై అంతస్తులో ఎవరో స్నానానికి తొందరపెడుతున్నారు, నీళ్లొచ్చే వేళయిందర్రా అని. మంచం మీద తను మడిచిన తువ్వాళ్లు మూడేసి మడతల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఎవరో ఫోనెత్తారు. డ్యూటీ ఇంజనీరు, కొత్తగా వచ్చినతను, గొంతులో ఇంకా బెరుకుంది.

“వాసన గదిలో పనిచేస్తానండీ. పొద్దుటి రిపోర్టులో నా అంకె తప్పు. సున్నా కాదు, రెండు. గేటు తెరవద్దు.”

కాగితాలు తిరగేశాడు. “నాలుగు సున్నాలున్నాయే?”

“నాది చెరిపి వేశాను.”

“ఎందుకు చెరిపారు?”

“అందరూ సున్నా వేశారని.”

“మరి ఇప్పుడెందుకు మారుస్తున్నారు? ఎవరైనా ఏమైనా అన్నారా? మేష్టారు ఏమంటున్నారు?”

చెప్పాలి, ఆయనకు ముక్కు లేదని చెప్పాలి, నా మొహం చూసి వేశాడని చెప్పాలి, ఇవన్నీ వరసగా నాలుక చివరకు వచ్చాయి, సరిగ్గా అప్పుడు తాళంచెవి తిరిగింది. తలుపు తీసుకుని అతను వచ్చాడు, భుజాన సంచి, మొహం గంటు పెట్టుకుని, కనుబొమ్మలు ముడిచి, ఊరి భారమంతా తన మీదే ఉన్నట్టు బరువుగా అడుగులేస్తూ. ఆమె అతన్ని చూసింది. చూడగానే, లోపల భయం భయంగానే ఉంది, గుండె గుండెగానే కొట్టుకుంటోంది, పెదవులు మాత్రం మూడు వారాలుగా నేర్చుకున్న పని చేశాయి. మాట నవ్వులో తడిసి బయటికొచ్చింది. “నిజం చెబుతున్నానండీ, అది ప్రమాదం” అంది, ఆ ప్రమాదం అనే మాట కూడా నవ్వుతూ వెళ్లింది.

“మీరు నవ్వుతున్నారా?” అన్నాడు ఇంజనీరు.

“లేదండీ.”

“గొంతులో తెలుస్తోంది మేడమ్. పక్కన ఇంకెవరో కూడా ఉన్నారు. కొత్తవాణ్ని కదా అని మీ వాసన గదివాళ్లంతా కలిసి ఆటపట్టిస్తున్నారా? పోయిన వారం గేటులో మొసలి పడిందని ఎవరో ఫోన్ చేశారు, నేను పరిగెత్తాను కూడా. ఈసారి పరిగెత్తను.” టక్కున పెట్టేశాడు.

మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఫిల్టర్‌హౌస్‌కి పరిగెత్తినా ఇరవై నిమిషాలు పడుతుంది, గోడ గడియారంలో ఆరుకు మూడు నిమిషాలు తక్కువ. అతను ఏమీ మాట్లాడలేదు, ఆటలో మాట్లాడకూడదు, సంచి దించాడు, చేతులు కడుక్కోవడానికి కూడా పోలేదు, నేరుగా తమ గ్లాసు, నీలం అంచు గ్లాసు, తీసుకుని కుళాయి ముందు కాపలావాడిలా నిలబడ్డాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకునే గోడ వైపు తిరిగింది. అట్ట మీద రాసింది గుర్తొచ్చింది, ఒకరి మొహం ఒకరికి కనబడకూడదు. గోడకేసి చూస్తే పెదవులు ఒక్కొక్కటిగా దిగాయి, నుదురు బిగిసింది, ఎన్నాళ్లకో తన మొహం తనకు దొరికినట్టయింది. గొట్టంలో ఎక్కడో లోతున గురగుర మొదలైంది. ఆమె తిరిగింది.

“తాగకు,” అంది. మొహంలో నవ్వు లేదు, ఆవగింజంత కూడా లేదు.

అతని కళ్లు మెరిశాయి. ఓహో, ఇవాళ గట్టిగా తయారయ్యావన్నమాట, అన్నాయి ఆ కళ్లు. కనుబొమ్మలు ఇంకాస్త ముడిచాడు. కుళాయి దగ్గింది, గాలి వదిలింది, నీళ్లు పడ్డాయి, తెల్లగా, నురగగా, తర్వాత తేటగా, అతని చేతిలో గ్లాసు నిండింది.

“ఆట కాదు. ఒట్టు. తాగకు, వద్దు,” అంటూ ఆమె చెయ్యి చాచి ముందుకొచ్చింది. నవ్వించడానికి చక్కిలిగింతలు పెట్టడం ఆటలో చెల్లుతుంది, ఆ నియమం కూడా ఆమె పెట్టిందే. అతను చటుక్కున రెండడుగులు వెనక్కి వేసి, గ్లాసు ఆమెకు అందనంత ఎత్తుకు లేపి, చూపు ఆమె మొహం మీదే ఉంచి, ఈసారి కూడా నేనే గెలుస్తానన్నంత గంభీరంగా, తల వెనక్కి వాల్చి గటగటా తాగేశాడు.

గ్లాసు దించాడు. పెదాలు తుడుచుకోబోయి ఆగాడు. ముక్కు కొంచెం కదిలింది. ముడిచిన కనుబొమ్మలు మెల్లగా విడిపోయాయి, చెంపలు లేచాయి, ఆమె ఎంత వద్దనుకున్నా చూపు తిప్పుకోలేకపోయింది, అతని మొహం నిండా హాయిగా, పొద్దున వాసన గదిలో ముగ్గురు చూసిన ఆ నవ్వే, అచ్చంగా ఆ నవ్వే పరుచుకుంది.

“ఓడిపోయాను పో,” అన్నాడు. “ఏంటో, ఉన్నట్టుండి నిన్నటి చెప్పుల షాపు గుర్తొచ్చింది.”

పై అంతస్తులో కుళాయి తిప్పారు. దాని పైన ఇంకొకరు. గొట్టాలు గోడల్లోంచి పైకి, పక్కకి, వీధి వెంట దూరంగా, ఒక ఇంటిని చూసి ఇంకో ఇల్లు మేలుకున్నట్టు, గురగురమంటూ వెళ్తున్నాయి.